కింద కూర్చోలేనివాళ్లకు యోగా: కుర్చీ, పీట, దుప్పటి, పంచె (తరచుగా అడిగే ప్రశ్నలు)

మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో పొద్దున ఆరింటికి నేను నడిపే బ్యాచ్‌లో పద్నాలుగు మంది ఉంటారు. అరవై దాటనివాళ్లు ముగ్గురే. చంకలో చాపతో వచ్చేవాళ్లకన్నా మోకాలికి పట్టీ వేసుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగినవి, ఫోన్లో వాళ్ల చెల్లెళ్లూ వదినెలూ అడిగినవి ఇక్కడ రాస్తున్నాను. నేను యోగా నేర్పే మనిషిని, డాక్టర్‌ని కాను. ఎక్కడ డాక్టర్‌ని అడగాలో అక్కడ ఆ మాటే చెప్పాను.

కుర్చీలో కూర్చుని చేస్తే అది యోగా అవుతుందా?

అవుతుంది. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో సగం మంది 'కాదు' అని అప్పటికే తీర్పిచ్చేసుకుని వస్తారు. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఆసనం గురించి యోగసూత్రాలు రాసిన పతంజలి చెప్పింది మూడు ముక్కలే: స్థిరసుఖమాసనం. కదలకుండా, హాయిగా ఉండగలిగితే అది ఆసనం. ఆ సూత్రం దగ్గర వ్యాసభాష్యం, అంటే ఆ సూత్రాలకి ఉన్న పాత వ్యాఖ్యానం, ఆసనాల పేర్లు వరసగా చెబుతూ, పద్మాసనం, వీరాసనం లాంటి వాటితో పాటు 'సోపాశ్రయం' అని ఒకటి చెబుతుంది. ఉపాశ్రయంతో, అంటే ఆసరాతో కూర్చోవడం. ఆ ఆసరా యోగపట్టమే అని ఆ భాష్యానికి టీక రాసిన వాచస్పతి మిశ్రుడు వివరించాడు. యోగపట్టం అంటే నడుమునీ మోకాళ్లనీ కలిపి చుట్టే గుడ్డ పట్టీ. ఎప్పుడూ చూడలేదంటారా? అయ్యప్ప పటం గుర్తు చేసుకోండి. స్వామి మోకాళ్లను చుట్టి ఉన్నది అదే. యోగనరసింహుడి విగ్రహాల్లోనూ కనిపిస్తుంది. భగవద్గీత ఆరో అధ్యాయం కూడా ఆసనం మరీ ఎత్తుగా, మరీ పల్లంగా ఉండకూడదని, దర్భలు, జింక చర్మం, గుడ్డ ఒకదాని మీద ఒకటి పరుచుకోమని చెబుతుంది. దుప్పటి మడతపెట్టి దాని మీద కూర్చోవడం నిన్నమొన్న పుట్టిన సౌకర్యం కాదన్నమాట.

ఇప్పుడు షాపుల్లో కనిపించే బ్లాకులు, బెల్టుల వాడకం ఇంతగా పెరగడానికి ముఖ్య కారణం యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్. 1918లో కర్ణాటకలోని బెళ్లూరులో పుట్టారు. చిన్నతనమంతా మలేరియా, టైఫాయిడ్, క్షయతోనే గడిచింది. మైసూరులో కృష్ణమాచార్య అనే గురువు దగ్గర యోగా నేర్చుకుని 1937లో పుణె వెళ్లారు. అక్కడ జబ్బుతో, నొప్పులతో వచ్చినవాళ్ల కోసం చెక్క దిమ్మలు, తాళ్లు, ఇనప మడత కుర్చీలు, దుప్పట్లు అన్నిటినీ పనిలో పెట్టారు. 1975లో పుణెలో మొదలైన ఆయన సంస్థలో ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఆయన 2014 వరకు, అంటే తొంభై అయిదేళ్లు బతికారు. చిన్నప్పటి ఒంటిని చూసినవాళ్లెవరూ అది ఊహించి ఉండరు.

ఏమేం కొనాలి? సెట్ ఖరీదు చూస్తే గుండె గుభేలుమంటోంది.

ఏమీ కొనక్కర్లేదు. మొదటి నెలయితే అసలే వద్దు.

మామూలు బ్లాకు తొమ్మిది అంగుళాల పొడవు, ఆరు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల మందం ఉంటుంది. చెయ్యి నేలకి అందనప్పుడు నేలని అంత మేర పైకి తేవడమే దాని పని. ఇంట్లో పీట ఉంటే అదే చాలు. లేదంటే రెండు లావుపాటి పుస్తకాలను గట్టిగా తాడుతో కట్టి వాడండి. బెల్టుకి బదులు నాన్నగారి పాత పంచె, కాటన్ చున్నీ, పొడుగు తువ్వాలు. సాగే గుడ్డ మాత్రం వద్దు. బోల్‌స్టర్ అని అమ్మే పొడుగు దిండుకి బదులు రెండు దుప్పట్లను గుండ్రంగా చుట్టి చీరతో బిగించండి. మెత్తటి స్పాంజి దిండు ఒంటి బరువుకి అణిగిపోతుంది. ఆసరా అణిగిపోతే అది ఆసరా కాదు. పాత బొంత ఉన్న ఇల్లు అదృష్టవంతుల ఇల్లు. అంత గట్టిగా, అంత సమంగా ఉండే వస్తువు షాపులో దొరకదు.

వీటన్నిటికన్నా పనికొచ్చేది ఇంకోటి ఉంది, గోడ.

బాసింపట్టు వేసుకుని కూర్చుంటే అయిదు నిమిషాల్లో నడుము లాగేస్తోంది. మోకాళ్లు చెవుల దాకా లేస్తున్నాయి.

మా బ్యాచ్‌లో ఒక పిన్నిగారు మొదటిరోజు సరిగ్గా ఇలాగే కూర్చున్నారు. వీపు విల్లులా వంగిపోయింది, మోకాళ్లు రెండూ గాల్లో ఉన్నాయి, పడిపోకుండా వాటిని చేతులతో పట్టుకున్నారు. "నాకు రాదమ్మా" అన్నారు. లేవమని ఒక దుప్పటి నాలుగు మడతలు పెట్టి కింద వేశాను. కూర్చున్నారు. కొంచెం నయం. ఇంకోటి వేశాను. మోకాళ్లు కాస్త దిగాయి. మూడోది వేసేసరికి మోకాళ్లు తుంటికన్నా కిందికి వచ్చాయి, చేతులు వాటంతటవే వదిలేశారు, వీపు దానంతటదే నిలబడింది. 'నిటారుగా కూర్చోండి' అని నేను ఒక్కసారి కూడా అనలేదు.

జరిగింది ఇంతే. తుంటి కీళ్లు, తొడ వెనక కండరాలు బిగుసుకుపోయినప్పుడు కింద కూర్చుంటే కటి భాగం వెనక్కి దొర్లుతుంది. దాంతో నడుములో ఉండాల్సిన వంపు పోయి వీపు గూనిగా అవుతుంది. ఇక పడిపోకుండా ఆపే పనంతా వీపు కండరాల మీద పడి అవి లాగుతాయి. పిరుదుల కింద ఎత్తు పెడితే కటి ముందుకి వాలి, వెన్ను దాని మీద నిలుస్తుంది. ఎన్ని దుప్పట్లు అన్నదానికి లెక్క ఒక్కటే: మోకాళ్లు తుంటికన్నా కిందికి వచ్చేదాకా. రెండు చాలొచ్చు, ఆరు కావాల్సిరావచ్చు. ఆరు దాటితే కుర్చీ ఎక్కేయండి, సిగ్గేం లేదు.

ఇంకా మోకాళ్లు గాల్లోనే ఉంటే వాటి కింద కూడా చెరో తువ్వాలు చుట్టి పెట్టండి. వేలాడే మోకాలు లోలోపల భయపడుతూనే ఉంటుంది.

సత్యనారాయణ వ్రతంలో గంటన్నర పీటల మీద కూర్చోవాలి. ఎలా?

ఈ ప్రశ్న పెళ్లిళ్ల సీజన్లో వస్తుంది. పీట మీద మడతపెట్టిన దుప్పటి వేసుకోండి, పైన పట్టుగుడ్డ కప్పితే ఫొటోల్లో కూడా తెలీదు. ఒక కథ అయ్యాక కాళ్లు మార్చి మడవండి. పంతులుగారికి ముందే చెబితే చిన్న స్టూలు మీద కూర్చోనిస్తారు. మా నాన్నగారికి పంతులుగారే స్వయంగా కుర్చీ వేయించి, "స్వామి చూసేది మీ మోకాళ్లని కాదండీ" అన్నారు. ఆ రోజు కోసం మాత్రమే కాకుండా, వారం ముందు నుంచీ రోజూ పది నిమిషాలు అదే ఎత్తులో కూర్చోవడం అలవాటు చేసుకోండి.

భోజనం అయ్యాక వజ్రాసనం మంచిదంటారు. నాకు మోకాలు అంత మడవదు.

అయితే మడవకండి. వజ్రాసనంలో మోకాలు పూర్తిగా ముడుచుకుంటుంది. చిప్ప వెనక ఒత్తిడి ఎక్కువగా పడే పొజిషన్ అది. మోకాలు అరిగినవాళ్లు మొండిపట్టుతో అందులో కూర్చుని వాపు తెచ్చుకోవడం నేను చాలాసార్లు చూశాను.

మోకాలు కొంచెం బిగుసుగా ఉందే తప్ప నొప్పి లేదంటే ఇలా చేయండి. చేతి తువ్వాలుని చుట్టి మోకాలి మడత లోపల, బాగా లోతుగా పెట్టండి. మడమలకీ పిరుదులకీ మధ్య చుట్టిన దుప్పటి పెట్టండి. చీలమండ ముందు భాగం నేలకి ఆనక నొప్పి పుడితే దాని కింద చిన్న రుమాలు చుట్ట. ఇన్ని చేసినా మోకాలి లోపల పోటు వస్తే ఆ ఆసనం మీది కాదు. తిన్నాక కుర్చీలో నిటారుగా కూర్చోండి, లేదా వరండాలో పది నిమిషాలు నడవండి.

మోకాలి గుజ్జు అరిగిపోయిందన్నారు. అసలు కదలొచ్చా?

కదలాలి. గుజ్జు అరిగిందని వినగానే చాలామంది కాలు దాచుకుంటారు. దాంతో తొడ కండరం సన్నబడుతుంది, కీలు మీద బరువు ఇంకా పెరుగుతుంది, నొప్పీ పెరుగుతుంది. 2019లో అమెరికాలోని కీళ్లవాత నిపుణుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో మోకాలి అరుగుదలకి వ్యాయామాన్ని గట్టిగా సిఫారసు చేశారు. యోగాని కూడా సూచించారు, అయితే అందరికీ అని కాకుండా మనిషిని బట్టి.

నేను మొదలుపెట్టించేది కుర్చీలోంచి లేచి కూర్చోవడం. సీటు మీద రెండు దుప్పట్లు వేసి ఎత్తు పెంచండి. ఎత్తు పెరిగితే లేచేటప్పుడు మోకాలు మీద భారం తగ్గుతుంది. పాదాలు తుంటి వెడల్పులో పెట్టి, ముందుకి వంగి, చేతులతో తొడలు నొక్కకుండా లేవండి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడు లెక్కపెడుతూ దిగండి. అయిదుసార్లు చాలు. రెండు వారాలకి ఒక దుప్పటి తీసేయండి. దుప్పటి తీసేసిన రోజు మా వాళ్లలో ఒకాయన స్వీట్లు పంచారు.

రెండోది, కుర్చీలో కూర్చుని ఒక కాలు నేలకి సమాంతరంగా చాపి, తొడ కండరం బిగించి అయిదు అంకెలు ఆపడం. కీలు నలగదు, కండరం పనిచేస్తుంది. నిలబడి చేసే వీరభద్రాసనం కూడా కుర్చీ అంచున కూర్చుని ఒక కాలు వెనక్కి చాపి చేయొచ్చు.

నడుము నొప్పికి ఏది బాగా పనిచేస్తుంది?

ఒక్కటే చెప్పమంటే, కాళ్లు కుర్చీ మీద పెట్టుకుని పడుకోండి. చాప మీద వెల్లకిలా పడుకుని, పిక్కలు రెండూ కుర్చీ సీటు మీద ఆనించాలి. తుంటి, మోకాలు రెండూ ఇంచుమించు లంబకోణంలో మడిచి ఉండాలి. తల కింద ఒక మడత దుప్పటి. కళ్ల మీద తువ్వాలు వేసుకుని పది నిమిషాలు. ఏమీ చేయకుండా ఉండటమే ఇక్కడ పని. నడుము నేల మీద మెల్లగా పరుచుకోవడం మూడో నాలుగో నిమిషంలో తెలుస్తుంది.

రెండోది వంటింటి గట్టు దగ్గర. రెండు చేతులూ గట్టు మీద పెట్టి, తుంటి నుంచి వంగుతూ అడుగులు వెనక్కి వేయండి. చేతులు, వీపు ఒకే గీతలోకి రావాలి. తొడల వెనక లాగితే మోకాళ్లు కొంచెం వంచండి. కుక్కర్ ఒక విజిల్ వేసేంతసేపు ఉంటే సరిపోతుంది.

మూడోది పంచెతో. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి పాదం నేల మీద ఉంచండి. రెండో పాదానికి పంచె తగిలించి కాలు పైకి చాపండి. కాలు నిట్టనిలువుగా రావాలన్న పట్టుదల వద్దు. మోకాలు తిన్నగా ఉండి, భుజాలు నేలని వదలకుండా ఎంత వస్తే అంత. సయాటికా (నడుము నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి) ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి: తిమ్మిరి పిక్కలోకి, పాదంలోకి దిగుతుంటే కాలు దించేయండి. దాన్ని సాగదీసి పోగొట్టలేం.

నిజాయితీగా ఇంకో మాట. దీర్ఘకాలిక నడుము నొప్పి మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన 2017 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనలను జల్లెడపట్టే సంస్థ) సమీక్ష ప్రకారం, ఏ వ్యాయామమూ చేయనివాళ్లతో పోలిస్తే యోగా చేసినవాళ్లకి కొంత మేలు జరిగింది. అది పెద్ద మార్పు కాదు, చిన్నదే. నడుముకి చేసే వేరే వ్యాయామాలకన్నా యోగా గొప్పదని తేలలేదు. కాబట్టి 'పదిరోజుల్లో మాయం' అనే వీడియోలు నమ్మకండి. మీరు మానకుండా చేయగలిగేదేదో అదే మీకు మంచిది.

కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం మీద పట్టు తప్పినా దుప్పట్లు పక్కన పడేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, కిందపడ్డాక నొప్పి మొదలైనా ముందు డాక్టరే.

మెడ, భుజం?

మెడకి: పడుకున్నప్పుడు గడ్డం పైకి లేస్తుంటే తల కింద దుప్పటి చాలట్లేదని అర్థం. నుదురు, గడ్డం ఒకే ఎత్తుకి రావాలి. మెడని గుండ్రంగా తిప్పడం మా దగ్గర మానేశాం.

భుజం పట్టేసినవాళ్లకి (షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ) గోడే గురువు. గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో చీమలా పైకి పాకించండి. ఎక్కడిదాకా పోయిందో పెన్సిల్‌తో గీత పెట్టండి. ఇంట్లోవాళ్లు గోడ పాడైందంటారు, అననివ్వండి.

ఎలాంటి కుర్చీ వాడాలి?

చేతులు లేని, చక్రాలు లేని, నాలుగు కాళ్లు సమంగా ఆనే గట్టి కుర్చీ. కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకి తగలాలి. తగలకపోతే కింద పీట వేయండి.

ప్లాస్టిక్ కుర్చీ విషయంలో నా తప్పొకటి చెప్పాలి. మొదట్లో హాల్లో ఉన్నవే వాడేవాళ్లం. టైల్స్ మీద ఒకామె సీటు పట్టుకుని ముందుకి వంగుతుంటే కుర్చీ జర్రున జారింది, ఆమె మోకాళ్ల మీద కూలబడ్డారు. దెబ్బ పెద్దది కాదు గానీ పది రోజులు రాలేదు. ఆరోజు నుంచీ కుర్చీ వీపు గోడకి ఆనాల్సిందే, నాలుగు కాళ్లూ యోగా మ్యాట్ మీద ఉండాల్సిందే. కుర్చీ కాలికి సాక్సులు తొడగడం, కింద దుప్పటి వేయడం ఇంకా ప్రమాదం. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లు మెత్తటి కార్పెట్ మీద బ్లాకు పెట్టి దాని మీద బరువు వేయకండి, ఊగుతుంది.

ఎంత నొప్పి వరకు ఓర్చుకోవాలి?

ఓర్చుకోవడం అనే మాటే వద్దు. కండరం మధ్యలో సాగుతున్నట్టు, తియ్యగా లాగుతున్నట్టు ఉంటే పర్వాలేదు. కీలు లోపల గుచ్చినా, మండినా, కరెంటు కొట్టినట్టున్నా ఆపేయాలి. ఊపిరి బిగబట్టారంటే మీరు అప్పటికే హద్దు దాటారు. ఇంకో పరీక్ష మర్నాడు పొద్దున పెట్టుకోండి: నిన్నటికన్నా నొప్పి ఎక్కువగా ఉందా? అయితే నిన్న చేసింది సగానికి తగ్గించండి.

ఆసరాకి అలవాటు పడిపోతే ఎప్పటికీ వదలలేమేమో?

కళ్లజోడు పెట్టుకునేవాళ్లని ఎవరూ ఇలా అడగరు. కొందరికి దుప్పట్ల ఎత్తు నెలనెలా తగ్గుతుంది, కొందరికి తగ్గదు. తుంటి ఎముక ఆకారమే ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. కొందరు జన్మలో పద్మాసనం వేయలేరు, అది వాళ్ల సాధనలో లోపం కాదు. ఆసరా ఉన్నందుకే పది నిమిషాలు ఉండగలుగుతున్నారు. అది లేకుండా పది సెకన్లు పళ్లు కొరుక్కుంటూ ఉంటే ఏం వచ్చినట్టు?

ఎవరెవరు ముందు డాక్టర్‌ని అడగాలి?

గ్లకోమా ఉన్నవాళ్లు తల కిందికి వాల్చే ఏ ఆసనమూ అడగకుండా చేయకూడదు, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. గోడకి కాళ్లు ఎత్తిపెట్టే విపరీత కరణి తేలిగ్గా కనిపిస్తుంది, కానీ అదీ ఇందులోదే. బీపీ అదుపులో లేనివాళ్లూ అంతే. ఎముకలు గుల్లబారినవాళ్లు ముందుకి గూనిగా వంగడం, వెన్ను గట్టిగా మెలితిప్పడం మానాలి. వెన్నుపూస చిట్లే ప్రమాదం ఉంటుంది. తుంటి లేదా మోకాలు మార్పిడి అయినవాళ్లు ఎంతవరకు మడవొచ్చో ఆపరేషన్ చేసిన డాక్టర్‌నే అడగాలి, నన్ను కాదు. ఏడో నెల, ఆపైన ఉన్న గర్భిణులు వెల్లకిలా కాకుండా ఎడమవైపు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని శవాసనం చేయాలి.

రోజుకి ఎంతసేపు?

ఇరవై నిమిషాలు, వారంలో అయిదు రోజులు. భోజనం అయిన మూడు గంటల తర్వాత. పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుని ఉంటే సాయంత్రం చేయండి, బ్రాహ్మీముహూర్తం పట్టింపు లేదు.

కిందికి దిగితే మళ్లీ లేవలేనేమో అని భయం. మంచం మీద చేయొచ్చా?

పంచెతో కాలు ఎత్తడం, మోకాళ్ల కింద దిండుతో శవాసనం లాంటివి మంచం మీద హాయిగా చేయొచ్చు, పరుపు మరీ మెత్తగా లేకపోతే. కానీ ఆ భయం పోవాలంటే కిందికి దిగి లేవడమే నేర్చుకోవాలి. నా లెక్కలో అన్ని ఆసనాలకన్నా ఇదే ముఖ్యం.

కుర్చీ వీపు గోడకి ఆనించి, ముందు నేల మీద మందపాటి దిండు వేయండి. రెండు చేతులూ సీటు మీద పెట్టి, నొప్పి ఎక్కువున్న కాలు వెనక్కి తీసుకెళ్లి ఆ మోకాలు దిండు మీద ఆనించండి. తర్వాత రెండోది. అక్కడినుంచి పక్కకి వాలి కూర్చోండి. మోకాలి మీద అసలు బరువు మోపలేనివాళ్లు ఇది ఒంటరిగా మొదలుపెట్టకండి, ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి. ఈలోగా మంచమే మీ చాప.

లేచేటప్పుడు పక్కకి దొర్లి, చేత్తో నేలని నొక్కి కూర్చోండి. కుర్చీ వైపు తిరిగి మోకాళ్ల మీదకి రండి, మోచేతులు సీటు మీద ఆనించండి. బలమైన కాలు ముందుకి తెచ్చి పాదం నేల మీద పూర్తిగా పెట్టండి. అరచేతులతో సీటుని నొక్కుతూ లేచి, అలాగే తిరిగి కూర్చోండి. వెంటనే నడవకండి. చాలాసేపు పడుకుని లేస్తే బీపీ పడి కళ్లు తిరగొచ్చు. ముప్ఫై లెక్కపెట్టి అప్పుడు అడుగు వేయండి. మొదటిసారి చేసే రోజున పిలిస్తే పలికే దూరంలో ఎవరైనా ఉండాలి, ఫోన్ టేబుల్ మీద కాకుండా చాప పక్కనే ఉండాలి.